ఒకే అరెస్టు, రెండు కేసులు: అమెరికాలో క్రిమినల్ డిఫెన్స్, పౌరహక్కుల లాయరు పని ఎలా నడుస్తుంది

2021 మార్చి 12న అమెరికాలోని మినియాపొలిస్ నగరం, అంతకుముందు ఏడాది పోలీసుల చేతిలో చనిపోయిన నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ కుటుంబానికి 2 కోట్ల 70 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు పెట్టిన పోలీసు అధికారి డెరెక్ షావిన్‌ మీద హత్య కేసులో అప్పటికి జ్యూరీ, అంటే తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం, ఎంపిక కూడా పూర్తి కాలేదు. వార్త విన్న చాలామంది తికమకపడ్డారు. డబ్బిచ్చారంటే తప్పు ఒప్పుకున్నట్టే కదా, ఇంకా విచారణ దేనికి? తప్పు తేలకుండానే అంత డబ్బు ఎందుకిచ్చారు? ఈ తికమక కోర్టు గదిలోకి కూడా వచ్చింది. అప్పటికే ఎంపికైన జ్యూరీ సభ్యులను జడ్జి మళ్లీ పిలిచి మాట్లాడారు. ఈ వార్త విన్నాక నిష్పక్షపాతంగా ఉండలేమన్న ఇద్దరిని తప్పించాల్సి వచ్చింది.

ఆ ఒక్క మరణం చుట్టూ మూడు రకాల లాయర్లు పనిచేశారు. షావిన్‌కు శిక్ష పడాలని వాదించిన ప్రభుత్వ ప్రాసిక్యూటర్లు, షావిన్‌ తరఫున నిలబడ్డ క్రిమినల్ డిఫెన్స్ లాయరు, నగరం మీద దావా వేసిన కుటుంబం తరఫు పౌరహక్కుల లాయర్లు. ఇక్కడ చివరి ఇద్దరివీ ఎదురెదురు పక్షాలు. కానీ అమెరికాలో లాయర్ల ఆఫీసు బోర్డులు చూస్తే 'క్రిమినల్ డిఫెన్స్, సివిల్ రైట్స్' అని రెండూ ఒకే పేరు కింద కనిపిస్తాయి. నేరం మోపబడ్డవాణ్ణి కాపాడే మనిషే పోలీసుల మీద దావా కూడా వేస్తాడు. ఈ జోడీ ఎలా కుదిరిందో తెలియాలంటే ముందు ఆ రెండు కేసుల తేడా తెలియాలి.

రెండు కోర్టులు, రెండు తూకాలు

క్రిమినల్ కేసు వేసేది ప్రభుత్వం. బాధితుడు అందులో సాక్షి మాత్రమే, కేసులో ఒక పక్షం కాదు. ఓడితే జైలు. అందుకే నేరం 'సహేతుకమైన సందేహానికి తావు లేకుండా' రుజువు కావాలి.

సివిల్ దావా వేసేది నష్టపోయిన మనిషి. గెలిస్తే వచ్చేది నష్టపరిహారం, లేదా ఫలానా పని ఆపండి అనే ఆదేశం. ఇక్కడ రుజువు భారం తక్కువ. ఎవరి మాట నిజమయ్యే అవకాశం ఎక్కువో చూస్తారు. త్రాసు ముల్లు కొంచెం ఒకవైపు మొగ్గినా చాలు.

అందుకే ఒకే ఘటన మీద రెండు తీర్పులు రావచ్చు. మాజీ భార్యను, ఆమె స్నేహితుణ్ణి చంపాడన్న కేసులో మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్‌ను 1995 అక్టోబరులో క్రిమినల్ జ్యూరీ నిర్దోషి అంది. 1997 ఫిబ్రవరిలో సివిల్ జ్యూరీ అదే మరణాలకు అతనే బాధ్యుడని, 3 కోట్ల 35 లక్షల డాలర్లు కట్టాలని చెప్పింది. ఇది పొరపాటు కాదు. రెండు జ్యూరీలనూ అడిగిన ప్రశ్నలే వేరు. సెటిల్‌మెంటు సంగతి ఇంకా వేరు. అది కేవలం ఒప్పందం. అందులో సాధారణంగా 'తప్పు ఒప్పుకోవడం లేదు' అనే వాక్యం కూడా ఉంటుంది. కాబట్టి మినియాపొలిస్ ఇచ్చిన డబ్బు షావిన్ నేరానికి రుజువు కాదు. అతనికి శిక్ష పడిందంటే, ఆ తర్వాత క్రిమినల్ జ్యూరీ వేరే కొలమానంతో తేల్చబట్టి.

'పౌరహక్కులు' అనే మాట దగ్గర కూడా కాస్త ఆగాలి. మనకు ఆ మాట వినగానే ఎమర్జెన్సీ, ఎన్‌కౌంటర్లు, నిజనిర్ధారణ కమిటీలు గుర్తొస్తాయి. అమెరికాలో దాని పుట్టుక వేరు. అంతర్యుద్ధం ముగిశాక బానిసత్వాన్ని రద్దు చేస్తూ, అందరికీ చట్టం ముందు సమాన రక్షణ ఇస్తూ చేసిన 13, 14, 15వ రాజ్యాంగ సవరణల నుంచి అది వచ్చింది. తర్వాత ఉద్యోగాల్లో, ఇళ్ల అద్దెల్లో, ఓటింగులో వివక్ష దాకా విస్తరించింది. క్రిమినల్ డిఫెన్స్‌తో కలిపి చెప్పినప్పుడు మాత్రం దాని అర్థం ఇరుకు: పోలీసులు, జైళ్లు, ప్రాసిక్యూటర్లు రాజ్యాంగం గీసిన గీత దాటిన కేసులు.

జైలు నుంచి పెన్సిలుతో రాసిన అర్జీ

డిఫెన్స్ లాయరు పనిని ఇప్పుడున్న రూపానికి తెచ్చింది 1963 నాటి గిడియన్ కేసు. ఫ్లోరిడాలోని పనామా సిటీలో ఒక పూల్ ఆటగది తలుపు పగలగొట్టి దొంగతనానికి దిగాడని క్లారెన్స్ గిడియన్ మీద అభియోగం. నా దగ్గర డబ్బు లేదు, లాయర్ని ఇప్పించండి అని అడిగాడు. మరణశిక్ష పడే కేసుల్లోనే అలా ఇస్తాం అన్నాడు జడ్జి. గిడియన్ తనే వాదించుకున్నాడు, ఓడిపోయాడు, ఐదేళ్ల శిక్ష పడింది. జైలు నుంచి పెన్సిలుతో సుప్రీంకోర్టుకు అర్జీ రాశాడు. పెద్ద నేరాభియోగం ఎదుర్కొనే పేదవాడికి రాష్ట్రమే లాయర్ని ఇవ్వాలని తొమ్మిది మంది జడ్జీలూ ఏకగ్రీవంగా చెప్పారు. మళ్లీ విచారణ జరిగింది. ఈసారి పక్కన లాయరున్నాడు. ప్రధాన సాక్షిని అతను ప్రశ్నలతో ఇరుకున పెట్టాడు. జ్యూరీ గంటసేపు ఆలోచించి గిడియన్ నిర్దోషి అంది.

ఆ తీర్పు తర్వాత పబ్లిక్ డిఫెండర్ ఆఫీసులు, అంటే పేదల తరఫున ప్రభుత్వ ఖర్చుతో వాదించే లాయర్ల ఆఫీసులు, దేశమంతా పెరిగాయి. నాలుగేళ్ల డిగ్రీ, మూడేళ్ల లా స్కూలు, ఆ రాష్ట్రపు బార్ పరీక్ష పూర్తిచేసి ఈ దారిలోకి వచ్చేవాళ్లలో చాలామంది మొదట చేరేది అక్కడే. ఇంకొందరు ప్రాసిక్యూటర్ ఆఫీసులో చేరి, తర్వాత ఇటు మళ్లుతారు. అవతలి పక్షం కేసును ఎలా కడుతుందో తెలియడం ఆ దారి లాభం.

సినిమాల్లోలా రోజూ జ్యూరీ ముందు ఉపన్యాసాలుంటాయని అనుకుని వచ్చినవాళ్లకు మొదటి వారమే భ్రమ తీరిపోతుంది. అమెరికా సుప్రీంకోర్టు 2012లో ఒక తీర్పులో చెప్పిన లెక్క ప్రకారం ఫెడరల్ (కేంద్ర) కోర్టుల్లో పడే శిక్షల్లో 97 శాతం, రాష్ట్ర కోర్టుల్లో 94 శాతం నేరం ఒప్పుకోవడం వల్ల వచ్చినవే. అంటే అసలు పని జరిగేది బేరం దగ్గర. ఆ బేరం ఎంత కఠినంగా ఉండొచ్చో చూడాలంటే కెంటకీకి చెందిన పాల్ హేస్ కేసు చాలు. 88 డాలర్ల 30 సెంట్ల దొంగ చెక్కు కేసు అది. నేరం ఒప్పుకుంటే ఐదేళ్లు అడుగుతాం, లేదంటే పాత నేరాలు కలిపి అలవాటుపడ్డ నేరస్తుల చట్టం కింద కేసు పెడతాం అన్నాడు ప్రాసిక్యూటర్. హేస్ ఒప్పుకోలేదు. యావజ్జీవం పడింది. ఇందులో రాజ్యాంగ ఉల్లంఘన లేదని సుప్రీంకోర్టు 1978లో తేల్చింది.

1961: రెండిళ్లలోకి పోలీసులు జొరబడితే

రెండు వృత్తులు ఎక్కడ అతుక్కున్నాయో చెప్పమంటే నేను 1961 చూపిస్తాను. ఆ ఏడాది నాలుగు నెలల తేడాలో సుప్రీంకోర్టు రెండు తీర్పులిచ్చింది. రెండింటి కథా దాదాపు ఒకటే. వారంటు లేకుండా పోలీసులు ఇంట్లోకి జొరబడ్డారు.

మొదటిది క్లీవ్‌లాండ్‌లోని డాల్‌రీ మ్యాప్ ఇల్లు. బాంబు కేసులో అనుమానితుడు దాక్కున్నాడని పోలీసులు వచ్చారు. వారంటు చూపించమంటే ఏదో కాగితం ఊపారు. అనుమానితుడి కోసం అని మొదలైన సోదాలో చివరికి అశ్లీలమని చెప్పిన పుస్తకాలు దొరికాయి. వాటి మీద ఆమెకు శిక్ష వేశారు. చట్టవిరుద్ధంగా చేసిన సోదాలో దొరికినవి సాక్ష్యంగా పనికిరావని, ఆ నియమం రాష్ట్ర కోర్టులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు ప్రతి డిఫెన్స్ లాయరూ వాడే ఆయుధం ఇది. సాక్ష్యాన్ని పక్కన పెట్టమని పిటిషన్ వేస్తాడు. పిటిషన్ నెగ్గితే చాలాసార్లు కేసే నిలబడదు.

రెండోది షికాగోలోని జేమ్స్ మన్రో ఇల్లు. 1958లో తెల్లవారుజామున పదమూడు మంది పోలీసులు తలుపులు బద్దలుకొట్టి వచ్చారు. భార్యాభర్తలను, ఆరుగురు పిల్లలను నిద్రలేపారు. పెద్దవాళ్లను హాల్లో బట్టల్లేకుండా నిలబెట్టారు. పరుపులు చించారు. మన్రోను స్టేషనుకు తీసుకెళ్లి ఒక హత్య గురించి పది గంటలు ప్రశ్నించి, ఏ కేసూ పెట్టకుండా వదిలేశారు.

ఇక్కడ చిక్కు గమనించండి. మ్యాప్ ఇంట్లో ఏదో దొరికింది కాబట్టి ఆమె మీద కేసు పెట్టారు. కేసు పెట్టారు కాబట్టి అందులో ఆమె తన హక్కు గురించి మాట్లాడగలిగింది. మన్రో ఇంట్లో ఏమీ దొరకలేదు. కేసే లేకపోతే సాక్ష్యం పక్కన పెట్టమని ఎవరిని అడగాలి? ఏ తప్పూ చేయనివాడికే చెప్పుకునే చోటు లేకుండా పోయింది. ఆ ఖాళీని పూడ్చడానికి ఒక పాత చట్టం పనికొచ్చింది. 1871లో, నల్లజాతివారి మీద తెల్లజాతి దురహంకార ముఠా కు క్లక్స్ క్లాన్ దాడులు సాగుతుంటే స్థానిక అధికారులు చూసీ చూడనట్టు ఊరుకుంటున్న రోజుల్లో, కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చేసిన చట్టం అది. రాష్ట్ర అధికారం చేతిలో పెట్టుకుని ఎవరైనా నీ రాజ్యాంగ హక్కును కాలరాస్తే, ఫెడరల్ కోర్టులో వాళ్ల మీద దావా వేసుకోవచ్చు అంటుంది. దశాబ్దాల పాటు దాన్ని పెద్దగా ఎవరూ వాడలేదు. మన్రో కేసులో సుప్రీంకోర్టు దానికి ప్రాణం పోసింది. లాయర్లు దాన్ని 'సెక్షన్ 1983' అంటారు. అది సంవత్సరం కాదు, చట్టాల సంపుటిలో దాని నంబరు.

మన్రో తీర్పు అధికారుల మీద దావాకు ఒప్పుకుంది కానీ నగరాన్ని వదిలేసింది. 1978లో మొనెల్ కేసుతో ఆ తలుపు కూడా సగం తెరుచుకుంది. తన ఉద్యోగి తప్పు చేశాడన్నంత మాత్రాన నగరం బాధ్యత వహించదు. ఆ తప్పు నగరపు విధానం వల్లనో, అక్కడ పాతుకుపోయిన అలవాటు వల్లనో జరిగిందని చూపించాలి.

ముందు ఏ కేసు? ఒక ఉదాహరణ

ఇప్పుడు ఒక కల్పిత ఉదాహరణ. రాత్రిపూట ఒక డెలివరీ డ్రైవర్‌ను పోలీసు ఆపాడు. మాటా మాటా పెరిగింది. డ్రైవర్‌ను కింద పడేశారు, భుజం ఎముక విరిగింది. అతని మీద పెట్టిన కేసు: అరెస్టును ప్రతిఘటించడం, అల్లరి చేయడం. ఇలాంటి అరెస్టులకు లాయర్లు సరదాగా 'కంటెంప్ట్ ఆఫ్ కాప్' అని పేరు పెట్టారు. కోర్టు ధిక్కారంలాగే ఇది పోలీసు ధిక్కారం.

బోర్డు మీద రెండు మాటలూ ఉన్న లాయరు దగ్గరకు అతను వచ్చాడు. చేతిలో నిజానికి రెండు కేసులున్నాయి. డ్రైవర్ మీద ప్రభుత్వం పెట్టింది ఒకటి, పోలీసు మీద డ్రైవర్ వేయగలిగింది ఇంకొకటి. ఒకదాంట్లో వేసే అడుగు రెండోదాన్ని లాగుతుంది.

ప్రాసిక్యూటర్ మొదట ఒక మాట అంటాడు: ప్రతిఘటించానని ఒప్పుకుంటే జైలు లేకుండా జరిమానాతో ముగించేద్దాం. డ్రైవర్‌కు టెన్షన్ తగ్గుతుంది, మర్నాడే పనికి పోవచ్చు. కానీ 1994 నాటి హెక్ తీర్పు అడ్డొస్తుంది. నువ్వు గెలవాలంటే నీకు పడిన శిక్ష తప్పని తేలాల్సి వస్తే, ఆ శిక్ష రద్దయ్యేదాకా నష్టపరిహారం దావా వేయకూడదు అని ఆ తీర్పు సారాంశం. ప్రతిఘటించానని తనే ఒప్పుకున్నాక, అరెస్టే అక్రమం అని వాదించడం దాదాపు అసాధ్యం. అరెస్టు సరైనదే కానీ కొట్టింది ఎక్కువ అనే వాదన మాత్రం కొన్నిసార్లు మిగులుతుంది. ఏ నేరం ఒప్పుకున్నాడు, కోర్టులో ఏ మాటలతో ఒప్పుకున్నాడు అనేదాని మీద అది ఆధారపడుతుంది. అనుభవమున్న లాయరు అందుకే ఒప్పుకోలు వాక్యాన్ని అక్షరం అక్షరం చూసుకుంటాడు.

రెండో ప్రతిపాదన ఇంకా తీయగా ఉంటుంది: కేసు పూర్తిగా ఎత్తేస్తాం, నువ్వు మా మీద దావా వేయనని సంతకం పెట్టు. ఇది బెదిరింపు కాదా అని మనకు అనిపిస్తుంది. న్యూహాంప్‌షైర్ నుంచి వచ్చిన రూమెరీ కేసులో 1987లో సుప్రీంకోర్టు ఐదుగురు, నలుగురుగా చీలిపోయి, ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఉంటే అలాంటి ఒప్పందం చెల్లుతుంది అంది. మెజారిటీ తర్కం ఏమిటంటే, నేరం ఒప్పుకునే బేరంలో మనిషి అంతకన్నా పెద్ద హక్కులే వదులుకుంటున్నాడు కదా, ఇదొక్కటే ఎందుకు తప్పు? విభేదించినవాళ్ల ఆందోళన, పోలీసుల తప్పు కప్పిపుచ్చడానికే కేసులు పెట్టే అలవాటుకు ఇది దారితీస్తుందని. రెండు వాదనల్లోనూ బలముంది. నా మట్టుకు నాకు, జైలు భయంలో ఉన్నవాడి సంతకాన్ని 'ఇష్టపూర్వకం' అనడం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

మూడోది, విచారణకు వెళ్లడం. గెలిస్తే దావాకు దారి సాఫీ. ఓడితే శిక్ష, దానితోపాటు దావా తలుపు కూడా చాలావరకు మూసుకుంటుంది. మధ్యలో ప్రభుత్వమే కేసు వదిలేస్తే? 2022 దాకా చాలా ఫెడరల్ కోర్టులు, నువ్వు నిర్దోషివని సూచించేలా కేసు ముగిస్తేనే తప్పుడు ప్రాసిక్యూషన్ దావా వేయనిస్తాం అనేవి. ఆ ఏడాది థాంప్సన్ కేసులో సుప్రీంకోర్టు ఆ షరతు తీసేసింది. శిక్ష పడకుండా ముగిసిందని చూపిస్తే చాలు.

ఇవన్నీ జరుగుతుంటే గడియారం ఆగదు. సెక్షన్ 1983 దావాకు గడువు ఆయా రాష్ట్రాల చట్టం నుంచి వస్తుంది. కాలిఫోర్నియాలో రెండేళ్లు, న్యూయార్క్‌లో మూడేళ్లు. న్యూయార్క్‌లో నగరం మీద రాష్ట్ర చట్టం కింద కూడా దావా వేయాలంటే 90 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. భుజం కట్టు విప్పేలోపే ఆ గడువు అయిపోవచ్చు. పోనీ ముందే దావా వేద్దామంటే, ప్రమాణం చేయించి ప్రశ్నలడిగే డిపొజిషన్‌లో డ్రైవర్ చెప్పిన ప్రతి మాటా క్రిమినల్ కోర్టులో అతని మీదకే తిరుగుతుంది. అందుకని దావా వేసి, క్రిమినల్ కేసు తేలేదాకా దాన్ని ఆపి ఉంచమని అడగడం మామూలు.

ఆ డ్రైవర్ గ్రీన్‌కార్డు మీదో, వీసా మీదో ఉన్నవాడైతే లెక్కే మారిపోతుంది. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉందో లేదో చెప్పడం డిఫెన్స్ లాయరు బాధ్యతే అని 2010లో పడియా కేసు తేల్చింది. నలభై ఏళ్లుగా చట్టబద్ధంగా అక్కడే ఉంటున్న లారీ డ్రైవరు, లాయరు 'ఏం కాదులే' అన్న మాట నమ్మి నేరం ఒప్పుకున్న కథ అది.

ఇక్కడే ఈ వృత్తిలో అందరూ పైకి మాట్లాడని ఇబ్బంది ఉంది. డ్రైవర్‌కు జరిమానా కట్టి బయటపడటమే మంచిది కావచ్చు. లాయరుకు మాత్రం దావా బతికి ఉంటే ఫీజు వస్తుంది. ఇద్దరి ప్రయోజనం ఒకటి కాదు. అందుకే కొందరు రెండు కేసులకు ఇద్దరు లాయర్లుండాలంటారు. ఇంకొందరు, ఒకే మనిషి చూస్తేనే క్రిమినల్ కేసులో దావాను దెబ్బతీసే పొరపాటు జరగదంటారు. నియమం మాత్రం స్పష్టం. నేరం ఒప్పుకోవాలా వద్దా అన్న నిర్ణయం కక్షిదారుదే.

ఫీజు ఎక్కడి నుంచి వస్తుంది

క్రిమినల్ కేసులో 'గెలిస్తేనే ఫీజు' పద్ధతిని వృత్తి నియమాలు నిషేధిస్తాయి. అందుకే మొత్తం ముందే తీసుకోవడమో, గంటల లెక్క వేయడమో చేస్తారు. సివిల్ దావాలో మాత్రం వచ్చిన దాంట్లో వాటా, తరచుగా మూడో వంతు, మాట్లాడుకోవచ్చు. ఓడితే సున్నా. మొదటిది కూలి, ఏ రోజుది ఆ రోజు చేతికొస్తుంది. రెండోది తోట, కాపుకు ఏళ్లు పడుతుంది, ఒక్కోసారి కాయదు. చిన్న ఆఫీసులు రెండూ కలిపి నడపడానికి ఆశయం ఎంత కారణమో ఈ లెక్కా అంతే కారణం.

పోలీసు దావాల్లో ఇంకో చిక్కు ఉంది. హక్కు ఉల్లంఘన నిజమే అయినా డబ్బులో కొలిస్తే నష్టం చిన్నది కావచ్చు. రెండు రోజులు అక్రమంగా లాకప్‌లో ఉంచితే ఎంత? అందులో మూడో వంతుకు నాలుగేళ్లు పనిచేసే లాయరు దొరకడు. అందుకే 1976లో కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. పౌరహక్కుల దావా గెలిస్తే, లాయరు ఫీజు ఓడిన పక్షం కట్టేలా కోర్టు ఆదేశించవచ్చు. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో 1975లో పోలీసులు వారంటు లేకుండా ఒక పార్టీ మీద పడి, బాష్పవాయువు వదిలి, అరెస్టులు చేశారు. బాధితులు ఎనిమిది మందికి కలిపి జ్యూరీ ఇచ్చింది 33,350 డాలర్లు. లాయర్లకు వచ్చిన ఫీజు 2,45,456 డాలర్లు. అసలు కంటే ఏడు రెట్లు! నగరం గగ్గోలు పెట్టింది. 1986లో సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో ఆ ఫీజును నిలబెట్టింది. హక్కు విలువ డాలర్లలో మాత్రమే ఉండదని ఆ తీర్పు తర్కం.

కానీ అదే ఏడాది ఇంకో తీర్పులో, ఫీజు వదులుకుంటేనే సెటిల్ చేస్తాం అని ప్రభుత్వం బేరం పెట్టడం తప్పు కాదంది. కక్షిదారుకు మంచి ఒప్పందం వస్తుంటే లాయరు కాదనలేడు కదా. 1992లో ఒక డాలరు నామమాత్రపు నష్టపరిహారం గెలిచినవాడికి ఫీజు అక్కర్లేదంది. 2025లో తాత్కాలిక ఆదేశం తెచ్చుకున్నాక ప్రభుత్వం తన చట్టాన్నే మార్చుకుంటే, దాన్ని 'గెలుపు'గా లెక్కించలేమంది. ఈ చట్టం కింద జీవనం నడిపే లాయర్లు ఇలాంటి తీర్పుల్ని వాతావరణ వార్తల్లా చూస్తుంటారు.

తప్పు జరిగిందన్నా దావా ఎందుకు ఓడుతుంది

ఫ్లాయిడ్ మరణం తర్వాత 2020 నిరసనల్లో తరచుగా వినిపించిన మాట 'క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ', అంటే అధికారులకుండే షరతులతో కూడిన రక్షణ. అధికారి చేసింది రాజ్యాంగ విరుద్ధమే అయినా, అది విరుద్ధమని అంతకుముందే తీర్పుల్లో స్పష్టంగా స్థిరపడి ఉండకపోతే అతను పరిహారం కట్టనక్కర్లేదు. ఇది ఏ చట్టంలోనూ రాసి లేదు. 1967 నుంచి సుప్రీంకోర్టే తీర్పుల ద్వారా కట్టుకుంటూ వచ్చింది, 1982లో ఇప్పటి రూపం ఇచ్చింది.

'స్పష్టంగా' అనే మాటే మొత్తం తగువు. నాష్‌విల్‌లో చేతులు పైకెత్తి కూర్చున్న మనిషి మీదకు పోలీసు కుక్కను వదిలారని ఒక దావా. లొంగిపోయిన వాడి మీద కుక్కను వదలడం తప్పని ముందే ఒక తీర్పు ఉంది. అయితే ఆ పాత కేసులో మనిషి పడుకుని ఉన్నాడు, ఇతను కూర్చుని ఉన్నాడు. ఆ తేడా చాలు, అధికారికి రక్షణ వర్తిస్తుందని అప్పీలు కోర్టు 2018లో చెప్పింది. ఫ్రెస్నోలో సోదాకు వచ్చిన పోలీసులే రెండు లక్షల డాలర్లకు పైగా విలువైన నగదు, నాణేలు కాజేశారన్న దావా కూడా ఇలాగే 2019లో పోయింది. దొంగతనం తప్పని అందరికీ తెలుసు, సోదాలో స్వాధీనం చేసుకున్నది కాజేయడం, అకారణ సోదాలను, జప్తులను నిషేధించే నాలుగో రాజ్యాంగ సవరణకు విరుద్ధమని మాత్రం స్థిరపడలేదట.

సమర్థించేవాళ్ల మాటా వినాలి. క్షణాల్లో నిర్ణయం తీసుకోవాల్సిన మనిషిని, ఏళ్ల తర్వాత జడ్జీలు కనిపెట్టిన నియమంతో శిక్షించడం న్యాయం కాదంటారు. దావాల భయంతో పోలీసులు వెనకాడితే నష్టపోయేది ప్రజలే అంటారు. వ్యతిరేకించేవాళ్లు దీనికి ఎదురు లెక్క చూపిస్తారు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూసీఎల్‌ఏ) ప్రొఫెసర్ జోఆనా ష్వార్ట్జ్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో, బాధితులకు అందిన డబ్బులో 99.98 శాతం ప్రభుత్వాలే కట్టినట్టు తేలింది. అధికారి జేబులోంచి పోయేది దాదాపు ఏమీ లేదు. ఈ లెక్కే రెండో వాదనకూ దారితీస్తుంది: పన్నుల డబ్బుతో కట్టేదైతే పోలీసు ఎందుకు మారతాడు? కొలరాడో 2020లో, న్యూమెక్సికో 2021లో రాష్ట్ర చట్టం కింద వేసే దావాల్లో ఈ రక్షణను తీసేశాయి. ఫెడరల్ దావాల్లో అది అలాగే ఉంది.

ప్రాసిక్యూటర్ల సంగతి వేరు. కోర్టులో కేసు నడపడంలో చేసిన పనికి వాళ్లకు సంపూర్ణ రక్షణ ఉందని 1976లోనే తేలింది. న్యూ ఆర్లియన్స్‌లో జాన్ థాంప్సన్ (పైన చెప్పిన 2022 కేసు థాంప్సన్ వేరు) 18 ఏళ్లు జైల్లో గడిపాడు, అందులో 14 ఏళ్లు మరణశిక్ష వార్డులో. అతనికి అనుకూలమైన రక్త పరీక్ష ఫలితాన్ని ప్రాసిక్యూటర్లు దాచారని బయటపడింది. జ్యూరీ కోటీ 40 లక్షల డాలర్లు ఇమ్మంది. 2011లో సుప్రీంకోర్టు ఐదుగురు, నలుగురుగా చీలి ఆ మొత్తం కొట్టేసింది. ఒక్క కేసులో జరిగిన ఉల్లంఘనను బట్టి ఆఫీసు శిక్షణ లోపమనలేం అన్నది కారణం.

జానీ కాక్రన్: సింప్సన్ కేసు ముందూ వెనకా

ఈ జోడీ వృత్తికి ఒక జీవితం చూడాలంటే జానీ కాక్రన్. చాలామందికి ఆయన సింప్సన్ లాయరుగానే తెలుసు. అది ఆయన వృత్తిలో ముప్పై ఏళ్లు గడిచాక వచ్చిన కేసు. 1963లో లాస్ ఏంజెలెస్ నగర అటార్నీ ఆఫీసులో, అంటే ప్రాసిక్యూషన్ వైపు, మొదలుపెట్టాడు. తర్వాత సొంత ప్రాక్టీసు.

1966లో నిండు గర్భిణి అయిన భార్యను ఆసుపత్రికి వేగంగా తీసుకెళ్తున్న లెనర్డ్ డెడ్‌వైలర్‌ను పోలీసు కాల్చి చంపాడు. మరణంపై విచారణను టీవీలో చూపించారు. కుటుంబం లాయరుకు సాక్షుల్ని నేరుగా ప్రశ్నించే అధికారం లేదు. కాక్రన్ ప్రతి ప్రశ్ననూ ప్రభుత్వ లాయరుకు చెవిలో చెప్పాలి, ఆయన 'మిస్టర్ కాక్రన్ తెలుసుకోవాలనుకుంటున్నారు' అంటూ పైకి అడగాలి. ఆ మాటతోనే ఊరంతా కాక్రన్ పేరు పాకింది. సివిల్ దావా మాత్రం ఓడిపోయాడు.

1972లో ఇంకో ఓటమి. నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ నాయకుడు జెరోనిమో ప్రాట్‌కు శాంటా మోనికాలో జరిగిన ఒక హత్య కేసులో యావజ్జీవం పడింది. డిఫెన్స్ లాయరు కాక్రనే. ప్రధాన సాక్షి పోలీసులకు సమాచారం చేరవేసే మనిషని అప్పుడు జ్యూరీకి తెలియనివ్వలేదు. 1978 నుంచి కాక్రన్ కొన్నేళ్లపాటు జిల్లా అటార్నీ ఆఫీసులో, అంటే మళ్లీ ప్రాసిక్యూషన్ వైపు, మూడో స్థానంలో పనిచేశాడు. ప్రాట్‌కు శిక్ష వేయించిన ఆఫీసు అదే. తిరిగి బయటికొచ్చి పోలీసుల మీద దావాలు వేశాడు, వాటిలో చాలా గెలిచాడు, ప్రాట్ కేసును వదల్లేదు.

1997లో ఆ శిక్ష రద్దయింది. 27 ఏళ్ల నిర్బంధం తర్వాత ప్రాట్ బయటికొచ్చాడు. ఆ తర్వాతే, శిక్ష పోయింది కాబట్టే, రెండో తలుపు తెరుచుకుంది. అక్రమ నిర్బంధం దావా 2000లో 45 లక్షల డాలర్లకు సెటిల్ అయింది. అందులో 27 లక్షల 50 వేలు లాస్ ఏంజెలెస్ నగరం కట్టింది. మిగతా 17 లక్షల 50 వేలు ఎఫ్‌బీఐ తరఫున ఫెడరల్ ప్రభుత్వం కట్టింది. క్రిమినల్ కేసుకు పాతికేళ్లు పట్టింది, సివిల్ దావాకు మూడేళ్లు కూడా పట్టలేదు.